ఇంట్లోనే గేమ్ సర్వర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రాస్ప్‌బెర్రీ పై (ఇకమీదట క్లుప్తంగా ‘పై’) లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు మీద నలుగురూ కలిసి ఆడుకునే గేమ్ సర్వర్ నడపడం గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఎక్కువమంది మైన్‌క్రాఫ్ట్ గురించే అడిగారు కాబట్టి జవాబులు కూడా ఎక్కువగా దాని చుట్టూనే ఉంటాయి.

ప్రశ్న: ఆరుగురు స్నేహితులం మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడతాం. సొంత సర్వర్‌కి పై 4 సరిపోతుందా, పై 5 తీసుకోవాలా? 16 జీబీ ర్యామ్ ఉన్నది కొంటే లాగ్ ఉండదని షాపులో చెప్పారు. నిజమేనా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: లాగ్, అంటే ఆట ఆగి ఆగి నడవడం, ర్యామ్ పెంచితే పోదు. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 సార్లు తన ప్రపంచాన్ని లెక్కగడుతుంది. జంతువులు ఎటు కదలాలి, పంట ఎంత ఎదగాలి, నీళ్లు ఎటు పారాలి, ఎవరు ఏ బ్లాక్ పగలగొట్టారు, అన్నీ అందులోనే. అలాంటి ఒక్కో విడతను టిక్ అంటారు. ఒక టిక్ 50 మిల్లీసెకన్లలో పూర్తి కావాలి. ఈ పనిలో చాలా భాగం ప్రాసెసర్‌లో ఒకే కోర్ మీద పడుతుంది. బోర్డులో నాలుగు కోర్లున్నా, ఆ ఒక్క కోర్ ఎంత వేగంగా ఉందన్నదే ఆటను నిర్ణయిస్తుంది.

పై 4లో ఉన్నవి కార్టెక్స్ ఏ72 కోర్లు. 1.5 గిగాహెర్ట్జ్ దగ్గర, కొత్త బోర్డులైతే 1.8 దగ్గర నడుస్తాయి. 2023లో వచ్చిన పై 5లో 2.4 గిగాహెర్ట్జ్ ఏ76 కోర్లున్నాయి. ఒక్కో కోర్ బలం చూస్తే తేడా రెట్టింపుకు తక్కువుండదు. ముగ్గురు నలుగురు ఒకేచోట ఇళ్లు కట్టుకుంటూ ఆడితే పై 4 బాగానే లాక్కొస్తుంది. ఆరుగురూ తలో దిక్కుకు పరుగెత్తే రకమైతే పై 5 తీసుకోండి. 4 జీబీతో పని నడుస్తుంది, 8 జీబీ హాయిగా ఉంటుంది. 16 జీబీ ఈ పనికి దండగ. ఆ డబ్బు మంచి ఎస్ఎస్‌డీ మీద పెట్టండి.

అడాప్టర్ విషయంలో మాత్రం రాజీ పడకండి. పై 5కి 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే, 27 వాట్లదని అమ్మే అడాప్టర్ కావాలి. ఇంట్లో 65 వాట్ల ఫోన్ చార్జర్ ఉంది కదా అని పెడితే సరిపోదు. అవి ఆ శక్తినంతా 9, 15, 20 వోల్టుల దగ్గర ఇస్తాయి, 5 వోల్టుల దగ్గర చాలావాటికి 3 ఆంపియర్లే దాటవు. అది గమనించిన బోర్డు యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లకు కోత పెడుతుంది. యూఎస్‌బీకి తగిలించిన ఎస్ఎస్‌డీకి అది చాలదు, ఆట మధ్యలో డ్రైవ్ మాయమవుతుంది. పై 4కి 5.1 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ చాలు.

ప్రశ్న: లైనక్స్ నాకు కొత్త. బోర్డు వచ్చింది. ఇన్‌స్టాల్ చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కంప్యూటర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ దించుకుని, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్, 64 బిట్ ఎంచుకోండి. డెస్క్‌టాప్ ఉన్నది వద్దు. తెర లేని సర్వర్‌కి అది తినే ర్యామ్ వృథా. రాసే ముందు ఇమేజర్ అడిగే సెట్టింగుల్లోనే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి బోర్డును నడిపే దారి) ఆన్ చేయండి. బోర్డు లేచాక ‘గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్’ అని కొడితే 64 రావాలి. 32 వస్తే తప్పు ఓఎస్ ఎక్కినట్టే, అందులో జావాకి పెద్ద మెమరీ ఇవ్వలేరు. ‘యూనేమ్’ జవాబు మీద ఆధారపడకండి. కెర్నెల్, అంటే ఓఎస్ గుండెకాయ, 64 బిట్ అయి, దాని మీద నడిచేదంతా 32 బిట్ అయిన సందర్భాల్లో అది తప్పుదారి పట్టిస్తుంది.

తర్వాత జావా. మైన్‌క్రాఫ్ట్ 1.20.5 నుంచి 1.21 వరుస వెర్షన్లకు జావా 21 కావాలి. డెబియన్ 13 ఆధారంగా వచ్చిన ఓఎస్‌లో ఓపెన్‌జేడీకే 21 హెడ్‌లెస్ ప్యాకేజీ నేరుగా దొరుకుతుంది. పాత బుక్‌వార్మ్‌లో (డెబియన్ 12) 17 మాత్రమే ఉంటుంది, అక్కడ టెమురిన్ లేదా కొరెట్టో నుంచి ఆర్మ్ 64 బిట్ జావా తెచ్చుకోవాలి. సర్వర్‌కి ఆటను తయారుచేసిన మోజాంగ్ ఇచ్చే మూల ఫైలు కాకుండా పేపర్ అనే సర్వర్ ప్రోగ్రాము వాడండి. అదే ఆట, అవే క్లయింట్లు, కానీ చిన్న ప్రాసెసర్ మీద తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మొదటిసారి నడిపితే సర్వర్ వెంటనే ఆగిపోతుంది. కంగారు పడకండి. అది తయారుచేసిన యూలా ఫైలులో షరతులు చదివి, ‘ఫాల్స్’ ఉన్నచోట ‘ట్రూ’ పెట్టి మళ్లీ నడపాలి. మెమరీ ఇచ్చే రెండు ఆప్షన్లు, ఎక్స్ఎంఎస్, ఎక్స్ఎంఎక్స్, రెండిటికీ ఒకే అంకె ఇవ్వండి. 4 జీబీ బోర్డయితే 2500 ఎంబీ, 8 జీబీ అయితే 4 నుంచి 5 జీబీ. ఉన్న ర్యామ్ అంతా రాసిచ్చేయకూడదు. జావా తనకిచ్చిన మెమరీ (హీప్) కాకుండా పక్కన మరికొంత వాడుకుంటుంది, ఓఎస్‌కీ ఫైళ్ల క్యాష్ కోసం చోటు కావాలి. 4 జీబీ బోర్డులో 4 జీబీ ఇస్తే కొన్ని గంటలు నడిచి, ఏ ఎర్రరూ రాయకుండానే సర్వర్ మాయమవుతుంది. కెర్నెల్ రాసుకునే చిట్టా (లాగ్) చూస్తే మెమరీ చాలక జావాని చంపేసిన వరుస కనిపిస్తుంది.

చివరిగా దీన్ని సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి, ఆపే వ్యవస్థ) సర్వీసుగా పెట్టండి, కరెంటు వచ్చినప్పుడు దానంతటదే లేస్తుంది. దీనికి వేరే యూజర్‌ను తయారుచేయండి, రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, నడపకండి. సర్వీసును ఆపమంటే సిస్టమ్‌డీ పంపే సిగ్నల్‌కి మైన్‌క్రాఫ్ట్ ప్రపంచాన్ని సేవ్ చేసుకునే ముగుస్తుంది, కానీ జావా 143 అనే అంకెతో బయటికొస్తుంది. దాన్ని సిస్టమ్‌డీ వైఫల్యంగా చూపిస్తుంది. సర్వీసు ఫైలులో సక్సెస్ ఎగ్జిట్ స్టేటస్ 143 అని రాస్తే ఆ గొడవ ఉండదు.

ప్రశ్న: అందరం ఒక ఊళ్లో ఉన్నంతసేపు ఆట బాగుంటుంది. ఎవరో ఒకరు గుర్రమెక్కి కొత్త ప్రాంతానికి పోగానే అందరికీ ఆట గడ్డకడుతుంది. పగలగొట్టిన బ్లాకులు మళ్లీ వచ్చేస్తాయి. ‘కాంట్ కీప్ అప్’ అని కన్సోల్‌లో వస్తుంది. నెట్ మార్చాలా?
— డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

జవాబు: నెట్ జోలికి పోకండి, కారణం మీరే చెప్పేశారు. కొత్త భూమిని తయారుచేయడం ఈ ఆటలో అన్నిటికంటే బరువైన పని. కొండలు, గుహలు, ఖనిజాలు, చెట్లు అన్నీ అప్పటికప్పుడు పుట్టాలి. పేపర్ ఆ పనిని పక్క కోర్లకు పంపుతుంది. కానీ ఉన్నవే నాలుగు కోర్లు, గుర్రం వేగానికి అవి అందుకోలేవు.

కన్సోల్‌లో ‘ఎంఎస్‌పీటీ’ అని కొట్టండి. ఒక్కో టిక్‌కి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో చెబుతుంది. 50 లోపు ఉంటే సర్వర్ దిట్టంగా ఉంది, ఆట ఇంకా జెర్కులు కొడుతుంటే అప్పుడు వై-ఫైని అనుమానించాలి. 50 దాటితే నెట్ ఎంత మంచిదైనా లాగ్ తప్పదు.

దీనికి అసలైన మందు భూమిని ముందే తయారుచేసి పెట్టుకోవడం. చంకీ అనే ప్లగిన్ వేసి, వ్యాసార్ధం 3000 బ్లాకులు ఇచ్చి, ఎవరూ ఆడని రాత్రి మొదలుపెట్టండి. చంక్ అంటే 16కి 16 బ్లాకులు కాబట్టి 6000కి 6000 చదరంలో 1,40,625 చంకులు పడతాయి. పై మీద చాలా గంటలే తీసుకుంటుంది, మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించుకోవచ్చు. అది అయ్యాక వరల్డ్ బోర్డర్‌ను 6000కి పెట్టడం మరవద్దు. సరిహద్దు లేకపోతే ఎవరో ఒకరు దాటిపోతారు, మళ్లీ మొదటికొస్తుంది. ఆటలోని పాతాళ లోకం నెదర్‌కి చిన్న వ్యాసార్ధం చాలు. అక్కడ ఒక బ్లాకు నడిస్తే బయట ఎనిమిది నడిచినట్టు కదా.

తర్వాత సర్వర్ ప్రాపర్టీస్ ఫైలు. వ్యూ డిస్టెన్స్ మామూలుగా 10 ఉంటుంది. అంటే ఒక్కో ఆటగాడి చుట్టూ 21కి 21, మొత్తం 441 చంకులు. దాన్ని 6 చేస్తే 13కి 13, 169 చంకులకు దిగుతుంది. సిమ్యులేషన్ డిస్టెన్స్ కూడా 10 ఉంటుంది, దాన్ని 4 చేయండి. కనిపించే దూరం కంటే బతికి ఉండే దూరమే టిక్‌ని ఎక్కువ తింటుంది కాబట్టి ముందు దీనికే కత్తెర వేయాలి. నష్టం లేకపోలేదు. దూరంగా కట్టిన పొలం, మీరు దగ్గరికి వెళ్లేదాకా ఎదగదు.

ఇవన్నీ చేసినా 50 దాటుతుంటే ఎవరో పెద్ద కోళ్ల ఫారమో, వస్తువులను లాక్కునే హాపర్లు వందల్లోనో పెట్టి ఉంటారు. స్పార్క్ ప్రొఫైలర్ కొత్త పేపర్‌లో లోపలే ఉంది, అయిదు నిమిషాలు నడిపితే సమయమంతా ఎక్కడ పోతోందో చూపిస్తుంది. ఊహ మీద సెట్టింగులు మార్చడం కంటే ఇది నయం. యూట్యూబ్‌లో చూసి పది ‘లాగ్ తగ్గించే’ ప్లగిన్లు వేయకండి. చాలావరకు అవే కొత్త బరువవుతాయి.

ప్రశ్న: రూటర్‌లో 25565 పోర్టు ఫార్వర్డ్ చేశాను. ఇంట్లో అందరికీ సర్వర్ దొరుకుతోంది, బయట ఉన్న స్నేహితులకు దొరకడం లేదు. మూడు రూటర్లు మార్చినా అంతే.
— దుకాణదారు, కరీంనగర్

జవాబు: రూటర్ తప్పు కాకపోవచ్చు. రూటర్ పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు రూటర్ చిరునామా) అనే చోట ఏముందో చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. ఐపీవీ4 చిరునామాలు చాలక, ఇంటర్నెట్ కంపెనీ ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతోంది. బయటి నుంచి వచ్చిన పిలుపు కంపెనీ పరికరం దగ్గరే ఆగిపోతుంది, మీ రూటర్ దాకా రాదు. అలాంటప్పుడు పోర్టు ఫార్వర్డ్, అంటే రూటర్‌కి వచ్చిన పిలుపును బోర్డుకి మళ్లించడం, ఎన్నిసార్లు చేసినా ప్రయోజనం ఉండదు. వాన్ ఐపీ 10తోనో 192.168తోనో మొదలైనా కథ అదే, లేదా మీ రూటర్‌కి ముందు ఫైబర్ పెట్టె ఇంకో రూటర్‌గా పనిచేస్తోంది.

వాన్ ఐపీ, ‘నా ఐపీ ఏది’ అని వెతికితే వచ్చే ఐపీ రెండూ ఒకటే అయితే సీజీనాట్ లేదు. అప్పుడు బోర్డు చిరునామా మారిపోతోందేమో చూడండి, రూటర్‌లో దానికి స్థిరమైన లోకల్ ఐపీ కేటాయించండి. పరీక్ష మాత్రం మొబైల్ డేటా మీద చేయాలి. ఇంటి వై-ఫైలో ఉండి బయటి ఐపీ కొడితే చాలా రూటర్లు వెనక్కి తిప్పి పంపవు, బాగున్న సర్వర్ కూడా చచ్చినట్టు కనిపిస్తుంది.

సీజీనాట్ ఉంటే దారులున్నాయి. నెలకు కొంత అదనం కట్టి కంపెనీని స్టాటిక్ ఐపీ అడగడం అన్నిటికంటే తిన్నని దారి. అది వద్దనుకుంటే, అయిదారుగురు తెలిసినవాళ్లే ఆడతారు కాబట్టి టెయిల్‌స్కేల్ అనే ప్రైవేటు నెట్‌వర్క్ ప్రోగ్రాము మా మొదటి సలహా. బోర్డులోనూ, ప్రతి స్నేహితుడి కంప్యూటర్‌లోనూ వేసుకుంటే అందరూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టవుతుంది, ఏ పోర్టూ లోకానికి తెరవక్కర్లేదు. అది ఇచ్చే చిరునామాలు కూడా 100తోనే మొదలవుతాయి, దాన్ని చూసి సీజీనాట్ అనుకోకండి. స్నేహితులు ఏమీ ఇన్‌స్టాల్ చేయలేమంటే ప్లేఇట్ లాంటి టన్నెల్ సేవ వాడొచ్చు. ఆట అంతా వాళ్ల సర్వర్ చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి పింగ్ (కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం) కొంత పెరుగుతుంది. ముందు ఆ సేవ దగ్గరలో ఏ ఊరి మీదుగా పోతోందో చూసుకోండి.

ప్రశ్న: మా దగ్గర రోజూ కరెంటు పోతుంది. మెమరీ కార్డు మీద నడుస్తున్న సర్వర్ రెండుసార్లు బూట్ కాలేదు, ఒకసారి కట్టుకున్న కోటలో సగం మాయమైంది. కార్డు మార్చాలా?
— పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: కార్డు మార్చినా మళ్లీ అదే జరుగుతుంది. సర్వర్ అయిదు నిమిషాలకోసారి ప్రపంచాన్ని సేవ్ చేస్తుంది, లాగులు ఎప్పుడూ రాస్తూనే ఉంటుంది. కార్డు ఒక చిన్న ముక్క రాయాలన్నా లోపల పెద్ద గడిని చెరిపి తిరగరాయాలి. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే, మీరు ముట్టని ఫైలు కూడా చెడొచ్చు. బూట్ కాకపోవడానికి అదే కారణం.

ప్రపంచాన్ని ఎస్ఎస్‌డీ మీదికి మార్చండి. పై 4లో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుకి సాటా ఎస్ఎస్‌డీ చాలు. పై 5లో ఎం.2 హ్యాట్ (బోర్డుకి తగిలించే అదనపు పలక) పెట్టి ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు. యూఎస్‌బీ 3 డ్రైవ్ పక్కనే ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై దెబ్బతింటుంది, అందుకని బోర్డును లాన్ కేబుల్‌తోనే రూటర్‌కి కలపండి.

ఎస్ఎస్‌డీ వచ్చినా కరెంటు సంగతి చూడాల్సిందే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో మారే వ్యవధి ఎక్కువ, ఆ లోపే బోర్డు రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్‌కి తిప్పండి. ఇన్వర్టర్ లేకపోతే కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ మీద బోర్డును, రూటర్‌ను, ఫైబర్ పెట్టెను మూడింటినీ పెట్టండి. బోర్డు తినేది పది వాట్ల దరిదాపుల్లోనే కాబట్టి చాలాసేపు నిలుస్తుంది. రూటర్ కోసం అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌ను బోర్డుకి నేరుగా పెట్టకండి, దానికి కావలసింది 5 వోల్టులు.

బ్యాకప్‌కి తేలికైన పద్ధతి తెల్లవారుజామున నాలుగింటికి సర్వీసు ఆపి, వరల్డ్ ఫోల్డర్లను టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి) వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, మళ్లీ మొదలుపెట్టడం. వేళకు పనులు నడిపే క్రాన్‌లో మూడు వరుసలతో అయిపోతుంది. ఆపకుండా తీయాలంటే సేవ్-ఆఫ్, సేవ్-ఆల్ ఫ్లష్, కాపీ, సేవ్-ఆన్ వరుస తప్పకూడదు. స్క్రిప్టు మధ్యలో తెగి ఆ చివరి సేవ్-ఆన్ నడవకపోతే, ఆ తర్వాత ఆడింది దానంతటదే డిస్కుకి సేవ్ కాదు. ఇది చాలా ప్రమాదం.

కోటలో సగం పోయిందన్నారు. ప్రపంచమంతా వెనక్కి తీసుకెళ్లనక్కర్లేదు. రీజియన్ ఫోల్డర్‌లో ఒక్కో ఫైలు 512కి 512 బ్లాకుల భూమి. కోట ఎక్స్ 1300, జెడ్ మైనస్ 200 దగ్గర ఉందనుకోండి. రెండిటినీ 512తో భాగించి కింది పూర్ణాంకం తీసుకుంటే 2, మైనస్ 1. సర్వర్ ఆపి, ‘ఆర్.2.-1’ అనే ఆ ఒక్క ఫైలును బ్యాకప్ నుంచి తెచ్చిపెడితే మిగతావాళ్ల పని చెక్కుచెదరదు.

ప్రశ్న: మే నెలలో మధ్యాహ్నం పూట మాత్రమే ఆట మందగిస్తోంది. వేడి వల్లా, అడాప్టర్ వల్లా?
— పాఠకుడు, రామగుండం

జవాబు: బోర్డునే అడగండి. ‘వీసీజెన్‌సీఎండీ’ తర్వాత ‘మెజర్_టెంప్’ కొడితే వేడి, ‘గెట్_త్రాటిల్డ్’ కొడితే బోర్డు ఎప్పుడైనా వేగం తగ్గించుకుందా లేదా తెలుస్తుంది. రెండోదానికి సున్నా రావాలి. 50000 లేదా 50005 వస్తే వోల్టేజి పడిపోయినట్టు, అంటే అడాప్టరో కేబులో మార్చాలి. వేడి 80 డిగ్రీలు చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గిస్తుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా.

గదే 42 డిగ్రీలుంటే ఫ్యాన్ లేని బోర్డు ఎలాగూ తట్టుకోలేదు. పై 5కి వాళ్ల యాక్టివ్ కూలర్ వేయండి, 50 డిగ్రీల దగ్గర ఫ్యాన్ నెమ్మదిగా మొదలై 75కి పూర్తి వేగం అందుకుంటుంది. మూసేసిన ప్లాస్టిక్ డబ్బా, సెట్‌టాప్ బాక్స్ నెత్తి, అటక, ఈ మూడూ వద్దు. రెండు నెలలకోసారి ఫ్యాన్ దుమ్ము బ్రష్‌తో దులపండి.

ప్రశ్న: అన్నయ్య పై మీద జావా సర్వర్ పెట్టాడు. నా దగ్గర ఫోన్లో మైన్‌క్రాఫ్ట్ ఉంది. నేను ఎందుకు చేరలేకపోతున్నాను?
— తొమ్మిదో తరగతి, నెల్లూరు

జవాబు: నీ ఫోన్లో ఉన్నది బెడ్‌రాక్ ఎడిషన్, అన్నయ్యది జావా. రెండూ వేర్వేరు భాషలు మాట్లాడతాయి. సర్వర్‌లో గీజర్ అనే ప్లగిన్ వేస్తే మధ్యలో దుబాసీ పని చేస్తుంది. దాంతోపాటు ఫ్లడ్‌గేట్ కూడా వేయమను, అప్పుడు నీకు జావా అకౌంట్ లేకపోయినా రానిస్తుంది. నువ్వు చేరేది 19132 పోర్టులో, అది యూడీపీ రకం. టీసీపీ రకం మాత్రమే తెరిచి రాలేదని తలపట్టుకునేవాళ్లు చాలామంది, అన్నయ్యకి ఈ మాట చెప్పు. వైట్‌లిస్ట్ (రానిచ్చేవాళ్ల పేర్ల జాబితా) ఉంటే మామూలు కమాండ్‌తో కాకుండా ఎఫ్‌వైట్‌లిస్ట్‌తో నీ పేరు చేర్చాలి.

బెడ్‌రాక్ అధికారిక సర్వర్‌నే పై మీద వేస్తే పోదా అనిపించొచ్చు. దాన్ని ఇంటెల్ రకం ప్రాసెసర్లకే ఇస్తారు, పైలో ఉన్నది ఆర్మ్. ఇంకో మాట. అసలు ఆట కొనని స్నేహితులుంటే లుయాంటి అనే ఆట చూడండి, 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్. పూర్తిగా ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, సర్వర్ చాలా తేలిక, 30000 యూడీపీ పోర్టు. పాత పై 3 మీద కూడా నలుగురు హాయిగా ఆడుకోవచ్చు.

ప్రశ్న: బీజీఎంఐ, ఫ్రీ ఫైర్‌కి ఇలా సొంత సర్వర్ పెట్టొచ్చా?
— పాఠకుడు, ఖమ్మం

జవాబు: కుదరదు. వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీలు బయటికి ఇవ్వవు. పెట్టిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. పై మీద చక్కగా నడిచేవి కావాలంటే మైండస్ట్రీ, టీవర్ల్‌డ్స్, క్వేక్ 3 ఉన్నాయి. ఫ్యాక్టోరియో సర్వర్ ఇంటెల్ రకానికే వస్తుంది, కొనేముందు చూసుకోండి.

ప్రశ్న: మా పిల్లలు డాలస్‌లో, అక్కయ్య పిల్లలు హైదరాబాద్‌లో. సర్వర్ ఎక్కడ పెడితే ఇద్దరికీ బాగుంటుంది?
— పాఠకురాలు, టెక్సస్

జవాబు: రెండు ఊళ్ల మధ్య తిన్నగా కొలిస్తేనే సుమారు 14,400 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే రానూపోనూ 144 మిల్లీసెకన్లకు తగ్గే వీలే లేదు. కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి 200 దాటుతుంది. ఇల్లు కట్టడం, వ్యవసాయం, గనుల తవ్వకం ఆ పింగ్‌తో ఇబ్బంది లేకుండా ఆడొచ్చు, కత్తియుద్ధాలు కుదరవు. బోర్డు కరెంటు నిలకడగా ఉన్న ఇంట్లో, చిన్నపిల్లలున్న వైపు పెట్టండి. పింగ్ ఎక్కువైతే చిన్నవాళ్లే ముందు విసుగుపడతారు.

ప్రశ్న: మా అబ్బాయి సర్వర్‌లోకి ఎవరో తెలియనివాళ్లు వచ్చి అంతా తగలబెట్టారు. చిరునామా ఎవరికీ ఇవ్వలేదంటున్నాడు.
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అబ్బాయి మాట నమ్మండమ్మా. 25565 పోర్టు తెరిచి ఉన్న ఐపీలను వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి, చిరునామా ఎవరూ చెప్పక్కర్లేదు. సర్వర్ ప్రాపర్టీస్‌లో వైట్‌లిస్ట్, ఎన్‌ఫోర్స్ వైట్‌లిస్ట్ రెండూ ట్రూ చేయించండి. వచ్చినవాళ్ల అకౌంట్ నిజమైనదో కాదో చూసే ఆన్‌లైన్ మోడ్ కూడా ట్రూగానే ఉండాలి. దాన్ని ఫాల్స్ చేస్తే ఎవరైనా మీ అబ్బాయి పేరే పెట్టుకుని వచ్చి, అతని అధికారాలన్నీ వాడుకోవచ్చు. అప్పుడు వైట్‌లిస్ట్ కూడా ఆపలేదు. సర్వర్‌ను దూరం నుంచి నడిపే ఆర్‌కాన్ వాడే 25575 పోర్టును, ఎస్ఎస్‌హెచ్ వాడే 22ను రూటర్‌లో తెరవకూడదు. 2021 డిసెంబరులో బయటపడిన లాగ్4షెల్ లోపం వల్ల, మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక వాక్యం టైపు చేసి సర్వర్‌ను చేజిక్కించుకునే వీలుండేది. 1.18.1లో దాన్ని సరిచేశారు. అంతకుముందు వెర్షన్ ఏదైనా వాడుతుంటే మార్చేయండి.

తగలబడింది నిన్నటి బ్యాకప్ ఉంటే వెనక్కి వస్తుంది. ఇకముందు కోసం కోర్‌ప్రొటెక్ట్ ప్లగిన్ వేయించండి. ఏ బ్లాకు ఎవరు తీశారో, పెట్టారో రాసుకుంటుంది, ఒక్క మనిషి గత రెండు గంటల్లో చేసినదంతా ఒకే కమాండ్‌తో వెనక్కి తిప్పుతుంది. వేసిన రోజు నుంచి జరిగినదే దానికి తెలుస్తుంది కాబట్టి ఈరోజే వేయమనండి.